కూర్చోవడం వచ్చిన పాపకు వంటింటి బుట్టతో ఆట ఎలా ఏర్పాటు చేయాలి?

పాప ఆసరా లేకుండా కూర్చోగలిగిన నాటి నుంచి, అంటే చాలామందిలో 6, 7 నెలల నుంచి, నడక వచ్చేదాకా ఈ ఆట పనికివస్తుంది. బ్రిటన్‌కు చెందిన శిశు విద్యావేత్త ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి కావలసినవన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి.

అంచు తక్కువగా ఉండి ఒరిగిపోని వెదురు బుట్టలో చిన్న స్టీలు గ్లాసు, కాడ పొట్టిగా, లావుగా ఉన్న చెక్క గరిటె, అంచులు గరుకు కాగితంతో నునుపు చేసిన కొబ్బరి చిప్ప, ఉతికిన నూలు గుడ్డ, కడిగిన నిండు బత్తాయి వంటివి పెట్టాలి. పది వస్తువులకు మించకూడదు. ప్లాస్టిక్ ఒక్కటీ వద్దు, ఎందుకంటే ఏది పట్టుకున్నా అదే నునుపు, అదే తేలికదనం. ఇత్తడిలో సీసం కలిసి ఉండవచ్చు కనుక అమ్మమ్మగారి బుల్లి చెంబు కూడా వద్దు. రంగులు పూసిన కొండపల్లి బొమ్మల చోటు అలమర. బొమ్మ కావాలనుకుంటే సహజ రంగులు కలిపిన లక్కతో చేసిన ఏటికొప్పాక బొమ్మను, విడిభాగాలు లేనిది, పెద్దది చూసి తీసుకోవాలి. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించే గొట్టం వ్యాసం సుమారు 32 మిల్లీమీటర్లు; అందులో పూర్తిగా ఇమిడేది గొంతుకు అడ్డం పడవచ్చని లెక్క. బుట్టలోని ప్రతి వస్తువూ అంతకు రెట్టింపు ఉండాలని నా నియమం. పళ్లెం నిండా పప్పులు, చింతగింజలు పోసి ఈ వయసు పిల్లల ముందు పెట్టడం చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

స్నానం, నిద్ర, పాలు అయ్యాక పాపను చాప మీద కూర్చోబెట్టి బుట్టను పక్కన ఉంచాలి.

ఇక అసలు కష్టం పెద్దవాళ్లు ఊరికే కూర్చోవడంలో ఉంది, నేను చూసిన ఇళ్లలో చాలావరకు ఆట చెడిపోయేది ఇక్కడే. పాప గ్లాసు అందుకోగానే తల్లి గరిటె ఆడిస్తుంది, నాయనమ్మ "ఛీ, నోట్లో వద్దమ్మా" అంటూ లాగేసుకుంటుంది. ఆ వయసులో పెదవులు, నాలుక చేతివేళ్ల కంటే నేర్పుగా వస్తువును పరిశీలిస్తాయి కనుక, శుభ్రంగా కడిగిన వస్తువును నోట్లోంచి లాగడమంటే చదువుతున్న పుస్తకం మూసేయడమే. ఒక పాప స్టీలు గ్లాసును నాకి, ఆ చల్లదనానికి కళ్లు చికిలించి, దాన్ని కొబ్బరి చిప్పకు తాటించి, పుట్టిన చప్పుడుకు ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను చిరునవ్వు నవ్వానే తప్ప మాట్లాడలేదు. తిరిగి తాటించింది, ఈసారి మెల్లగా. నేను "భలే" అని చప్పట్లు కొట్టి ఉంటే ఆ రెండో దెబ్బ ఉండేది కాదు.

మాట్లాడకపోవడమంటే కన్ను తిప్పుకోవడం కాదు. చేయి చాస్తే అందేంత దూరంలో, ఫోను పక్క గదిలో వదిలి, ఆట ముగిసేదాకా కూర్చోవాలి. పాప గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. గొంతు పెగలకపోతే నోట్లో గుడ్డిగా వేలు పెట్టి తడమకుండా, ముంజేతిపై తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి, భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేస్తూ, పక్కవాళ్ల చేత 108కి ఫోన్ చేయించాలి. అప్పటికీ అడ్డు తొలగకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కి, మళ్లీ వీపు మీద దెబ్బలు మొదలుపెట్టాలి.

పాప ముఖం తిప్పుకున్నా, చెవి లాక్కున్నా ఆట ముగిసినట్టే. వస్తువులను కడిగి ఎండలో ఆరబెట్టి, మర్నాటికి రెండింటిని మాత్రమే మార్చాలి.