మిగిలిపోయిన కాగితం ముక్కలతో లేయర్ల జర్నల్ పేజీ: ముడతలు పడకుండా ఎలా చేయాలి?

ఆర్ట్ జర్నల్ (రంగులతో, కాగితం ముక్కలతో పేజీలు నింపుకునే పుస్తకం) గురించి ఎవరు చెప్పినా రంగుల పొంతన గురించీ, అందమైన కాగితాల గురించీ చెబుతారు. అవి మీ ఇష్టం, వాటిని ఒకరు నేర్పక్కర్లేదు. పేజీ పాడయ్యేది గమ్ దగ్గర. చేతితో తడిమితే బుడగలు తగులుతాయి, పుస్తకం మూత పడదు, ఎదురెదురు పేజీలు అతుక్కుపోయి విప్పబోతే బొమ్మ చిరుగుతుంది. తడి తగిలితే కాగితం ఏం చేస్తుందో పట్టించుకోకపోవడం వల్ల వచ్చే తిప్పలే ఇవన్నీ. అందుకని మిగతా పనులు గబగబా చెప్పేసి, అసలు చోట ఆగుతాను.

కావలసినవి

కాగితం ముక్కలు, పీవీఏ రకం తెల్ల గమ్ (ఫెవికాల్ లాంటిది), అంగుళం వెడల్పు చదును బ్రష్, గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు ఒకటి, బటర్ పేపర్, పైన పెట్టడానికి రెండు మూడు బరువైన పుస్తకాలు. అంతే. మెరుపుల పొడి కొనకండి. అది పేజీ మీద తప్ప ఇల్లంతా ఉంటుంది.

జర్నల్ కాగితం మాత్రం మందంగా ఉండాలి. మామూలు జిరాక్స్ కాగితం 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), అది మూడు పొరల తడికి తట్టుకోదు. 200 జీఎస్ఎం ఉంటే బెంగ లేదు. ఇంట్లో పలచటి కాగితాల పుస్తకమే ఉంటే రెండేసి ఆకుల్ని కలిపి అంటించి ఒక్కటిగా చేసుకోండి. పనిలో పనిగా, మొదలుపెట్టక ముందే ప్రతి మూడు ఆకులకూ ఒకటి కోసేయండి, లేకపోతే పొరలు చేరాక పుస్తకం ఉబ్బిపోతుంది. కోసేటప్పుడు వెన్ను వైపు ఒక సెంటీమీటరు అంచు వదిలిపెట్టండి. కుట్టిన పుస్తకంలో ఆకును మొదలంటా లాగేస్తే దాని జత ఆకు కూడా ఊడి చేతికొస్తుంది.

ముక్కలు ఏరడం

కవర్ల లోపలి గీతల కాగితం, గిఫ్ట్ రేపర్లు, పాత మ్యాపులు, చిరిగిన పుస్తకాల పేజీలు, బట్టల ట్యాగులు, టిష్యూ పేపర్, ఏదైనా పనికొస్తుంది. కొలాజ్ (ముక్కలు అంటించి చేసే బొమ్మ) కోసమని ప్యాకెట్లుగా అమ్మే కాగితాలు మాత్రం వద్దు. వాటితో చేసిన పేజీలన్నీ ఒకే అచ్చులోంచి ఊడిపడ్డట్టుంటాయి. జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ వందేళ్ల కిందట ట్రామ్ టికెట్లూ, రేపర్లూ, పారేసిన చిత్తు ముక్కలూ అంటించి చేసినవి ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. ఆయనకు లేని ప్యాకెట్లు మనకెందుకు?

ఏరిన ముక్కలకు చిన్న పరీక్షలు పెట్టండి. బిల్లు కాగితాన్ని గోటితో గట్టిగా గీకండి. నల్లగీత పడితే అది థర్మల్ పేపర్, వేడి తగిలితే నల్లబడుతుంది, కొన్నాళ్లకు అక్షరాలు మాయమవుతాయి. పక్కన పడేయండి. ప్రింటర్‌లో తీసిన బొమ్మయితే మూల మీద తడివేలు ఆనించండి. రంగు అలుక్కుపోతే అది ఇంక్‌జెట్. దాన్ని లేజర్ ప్రింటు తీసుకుని వాడండి. నున్నటి రేపర్ మీద నీటి చుక్క వేస్తే జారిపోతోందా? దానికి గమ్ పట్టదు, వెనకవైపు గరుకు కాగితంతో కాస్త రుద్దాలి.

న్యూస్‌పేపర్ ముక్కలు అడుగు పొరకే. అందులో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకీ గాలికీ పసుపుపచ్చగా మారుతుంది. 1912లో పికాసో తన బొమ్మల్లో అంటించిన న్యూస్‌పేపర్ ముక్కలు ఇప్పుడు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి.

చింపడం, పరచుకోవడం

కత్తెర వద్దు. చింపండి. కత్తిరించిన అంచు పొర మీద పొరగా విడిగా కనబడుతుంది. చింపిన అంచు కింది కాగితంలో కలిసిపోతుంది. ఒకవైపు అచ్చున్న కాగితాన్ని చింపితే ఒక ముక్కకు తెల్లటి అంచు వస్తుంది, రెండోదానికి రాదు. ఏది కావాలో చూసుకుని ఏ చేతిని ముందుకు లాగాలో మార్చుకోండి. ఒకే కాగితం ఒకవైపు తిన్నగా చిరిగి, ఇంకోవైపు వంకరటింకరగా పోతుంటే చిరాకు పడకండి. తిన్నగా చిరిగేది కాగితంలోని నార పోగుల వెంబడి. ఆ దిశ ఏదో గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముక్కల్ని గమ్ లేకుండా పేజీ మీద పరచండి. అడుగున పెద్దవి, మధ్యలో నడిమివి, పైన ఒకటో రెండో చిన్నవి. మూడు పొరలు మించకూడదు, పేజీలో మూడో వంతు ఖాళీగా ఉండాలి. అమరిక కుదిరాక ఫోన్‌తో ఫోటో తీసుకుని ముక్కలు ఎత్తేయండి.

అంటించడం

ఇక్కడి నుంచి నిదానం. కాగితంలోని నార పోగులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొడవు పెద్దగా పెరగదు, లావవుతాయి. అందుకే తడిసిన కాగితం నారకు అడ్డంగా సాగుతుంది. గమ్ రాసిన వెంటనే ముక్కను పేజీ మీద పెడితే, ఆ సాగడమంతా పేజీకి అతుక్కున్నాక జరుగుతుంది. పక్కకు పోయే దారి లేక పైకి లేస్తుంది. మీరు చూసే ముడత అదే. వేలితో ఎంత నొక్కినా అది పక్కకు జరుగుతుందే తప్ప పోదు.

కాబట్టి ముక్కను ముందే సాగనివ్వాలి. చిత్తు కాగితం మీద ముక్కను బోర్లా పెట్టండి. బ్రష్‌తో మధ్యలోంచి అంచుల వైపు, అంచు దాటేదాకా గమ్ లాగండి. పలచగా రాయాలి. తెల్లగా కనబడుతోందంటే ఎక్కువైనట్టు, తడి మెరుపు కనబడితే చాలు. ఇప్పుడు బ్రష్ కింద పెట్టి ముక్కను చూస్తూ ఉండండి. తడిసిన వైపు ముందు సాగుతుంది గనక మధ్యభాగం పైకి లేచి, అంచులు కిందికి వంగుతాయి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి దాన్ని పట్టుకుని పేజీకి అదిమేస్తారు. ఆగండి. తడి రెండోవైపు దాకా చేరగానే ముక్క తనంత తానే మెత్తబడి చదునుగా పడుకుంటుంది. జిరాక్స్ కాగితానికి ఒక నిమిషం పట్టొచ్చు, మందపాటి దానికి ఇంకొంచెం ఎక్కువ. గడియారం కంటే ముక్కనే నమ్మండి. ఈలోగా గమ్ ఆరినట్టుంటే మరో పలచటి పూత వేయండి.

ఆ తర్వాతే పేజీ మీదికి. ఒక అంచు ముందు ఆనించి, మిగతాది మెల్లగా దించండి. పైన బటర్ పేపర్ వేసి, ప్లాస్టిక్ కార్డుతో మధ్యలోంచి బయటికి తోయండి. బటర్ పేపర్ లేకుండా కార్డు లాగితే తడిసిన కాగితం పైపొర లేచిపోతుంది. అంచుల్లో కక్కిన గమ్‌ను పిండిన గుడ్డతో అప్పుడే అద్దేయండి. అడుగున వేసుకున్న చిత్తు కాగితాన్ని ప్రతి ముక్కకూ మార్చండి. ఇది బద్ధకిస్తే తర్వాతి ముక్క ముఖానికి గమ్ అంటుకుంటుంది.

టిష్యూ పేపర్‌కు ఇదంతా తలకిందులు. గమ్‌ను పేజీకి రాయాలి, టిష్యూను పొడిగానే దాని మీదికి వదలాలి, పైనుంచి నీళ్లు కలిపిన గమ్‌ను బ్రష్‌తో ఆనీ ఆనకుండా పూయాలి. తడిసిన టిష్యూను చేత్తో ఎత్తితే ముద్దయిపోతుంది. దానికి ముడతలు పడ్డా అందమే, వదిలేయండి.

ఇప్పుడు నార దిశ సంగతి. ముక్కను అటూ ఇటూ మెల్లగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగుతుందో, ఆ మడతకు సమాంతరంగా నార ఉన్నట్టు. పెద్ద ముక్కలను నార పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండేలా పెట్టండి. అడ్డంగా పెడితే ఆరాక పేజీ పడవలా వంగి, తిప్పుతుంటే మొరాయిస్తుంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఆరేటప్పుడు ముక్క కుంచించుకుపోయి పేజీని తన వైపు కొంత లాగుతుంది. పేజీ వెనకవైపు కూడా దాదాపు అంతే మందం కాగితం అంటిస్తే ఆ లాగుడు రెండువైపులా సమమవుతుంది.

గ్లూ స్టిక్ వాడితే ఈ గొడవంతా ఉండదని కొందరంటారు. నిజమే, అందులో తడి తక్కువ. కానీ కొన్నాళ్లకు అంచులు లేవొచ్చు. బొటనవేలంత ముక్కలకు పర్వాలేదు, అడుగు పొరకు వద్దు. మైదా ఉడికించిన జిగురు బాగా పడుతుంది, పురుగులకు కూడా బాగా ఇష్టం. నా పుస్తకాల్లోకి దాన్ని రానివ్వను.

ఆరబెట్టడం

హెయిర్ డ్రైయర్ జోలికి పోకండి. పైన ఆరిపోయి లోపల తడి మిగులుతుంది, ఆ తడి బుడగలై లేస్తుంది. ఒక్కో పొర అయ్యాక పేజీకి రెండువైపులా బటర్ పేపర్, వాటి బయట రంగూ అచ్చూ లేని మామూలు కాగితాలు పెట్టి, పుస్తకం మూసి బరువు పెట్టండి. అరగంటకొకసారి ఆ మామూలు కాగితాలు మార్చండి, పీల్చిన తడి వాటిలోనే ఉంటుంది కదా. ఆఖరి పొర తర్వాత రాత్రంతా బరువు కిందే ఉంచాలి.

పొద్దున చూస్తే ఎక్కడైనా బుడగ కనిపించిందా? సన్నటి బ్లేడుతో దాని మీద చిన్న గాటు పెట్టి, పళ్లపుల్లతో చుక్క గమ్ లోపలికి పంపి, బటర్ పేపర్ వేసి మళ్లీ బరువు పెట్టండి.

పైపని

బొమ్మ మరీ గందరగోళంగా ఉంటే దాదాపు పొడి బ్రష్‌తో తెల్ల అక్రిలిక్ రంగు పైపైన లాగండి. అరిచే రంగులు వెనక్కి తగ్గుతాయి. ఏమైనా రాయాలనుకుంటే గమ్ మీద, రంగు మీద రాయకండి. బాల్‌పెన్ను జారుతుంది, స్కెచ్ పెన్ను మొన మూసుకుపోతుంది. రాయడానికని ఒక సాదా కాగితం ముక్కను, ముందే రాసి, చివర్లో అంటించండి. ఆ సిరా తడికి చెదరనిదై ఉండాలి, అంటించే ముందు తడివేలితో చూసుకోండి.

అక్రిలిక్ చేతికి ఆరినట్టే ఉంటుంది కానీ లోపల ఇంకా చాలా రోజులు మెత్తగా ఉంటుంది. మూసిన పుస్తకంలో రంగు పూసిన రెండు పేజీలు ఎదురెదురుగా ఉంటే అంటుకుపోతాయి. వాటి మధ్య బటర్ పేపర్ ముక్క అలాగే ఉంచేయండి. అంటుకుపోయినా లాగకండి. పుస్తకాన్ని ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే రంగు గట్టిపడుతుంది, వెంటనే మూల నుంచి కొద్దికొద్దిగా విప్పండి.