ఎముకలకు, కండరాలకు విటమిన్-డి అందాలంటే ఎలా చేయాలి?

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే మహిళలకు ఎండ తగిలేదే తక్కువ. వరంగల్ దుకాణాల్లో, ఆఫీసుల్లో కూర్చునేవారిదీ అదే పరిస్థితి. నడుము నొప్పి, మెట్లెక్కితే తొడల్లో నీరసం, నేల మీంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి రావడం... ఇవన్నీ వయసు వల్లేనని ఊరుకోకండి. విటమిన్-డి బాగా తగ్గితే తిన్న కాల్షియంలో ఒంటికి పట్టేది 10-15 శాతమే. ఆ లోటును శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. తొడ, తుంటి, భుజాల కండరాలూ పట్టు కోల్పోతాయి.

మొదట ఎండ సంగతి చూసుకోండి. పొద్దున్నే ఆరున్నరకు లేత ఎండలో కూర్చుంటే హాయిగానే ఉంటుంది కానీ విటమిన్-డి దాదాపు తయారుకాదు. అందుకు కావలసిన అతినీలలోహిత-బి కిరణాలు ఏటవాలు ఎండలో నేలకు చేరవు. గడియారాన్ని కాదు, మీ నీడను చూడండి. అది మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నప్పుడే ఎండ పనిచేస్తుంది. మన దగ్గర మే నెలలో ఉదయం 9 గంటలకే నీడ పొట్టిదవుతుంది, కాబట్టి వడగాలికి ముందే ఇంట్లోకి వచ్చేయవచ్చు. డిసెంబరులో 11 నుంచి ఒంటిగంట మధ్యే వీలు. చేతులు, కాళ్లు కప్పుకోకుండా అరగంట దాకా ఉండండి, చర్మం మండేదాకా వద్దు. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. తునికాకు తడి ఆరిపోతుంది కనుక బీడీల పని ఎండలో సాగదు. బట్టలు ఆరేయడం, బియ్యం ఏరడం ఆ వేళకు పెట్టుకోండి.

తర్వాత తిండి. పచ్చసొన, చేపల్లో కొంత విటమిన్-డి ఉన్నా, తిండితోనే లోటు తీరదు. కాల్షియం మాత్రం వంటింట్లోనే దొరుకుతుంది: రాగి జావ, పెరుగు, నువ్వులు దండిగా వేసిన సర్వపిండి. పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి.

నొప్పులు తగ్గకపోతే డాక్టరును అడిగి 25-హైడ్రాక్సీ విటమిన్-డి రక్తపరీక్ష చేయించుకోండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే లోపం కిందే లెక్క.

మందు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. 60,000 యూనిట్ల విటమిన్-డి పొడి ప్యాకెట్ సాధారణంగా వారానికి ఒకటి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే, భోజనం తర్వాత. రోజూ వేసుకుంటే అది కొవ్వులో పేరుకుని రక్తంలో కాల్షియం పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఏ తేదీన వేసుకోవాలో ప్యాకెట్ మీద మీరే పెన్నుతో రాసి ఇవ్వండి. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం కనిపిస్తే వెంటనే మందు ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.