యానాది పిల్లలు బాగున్నారో లేదో కొలవాలంటే ముందు ఫారం తీయకండి

నెల్లూరు జిల్లాలో యానాది కాలనీకి సర్వేకి వెళ్తున్నారా? పిల్లల ఆరోగ్యం, రోజువారీ జీవితం ఎలా ఉన్నాయో కొలిచే పెడ్స్‌క్యూఎల్ లాంటి 23 ప్రశ్నల ఫారాన్ని తెలుగులోకి మార్చేసి నేరుగా అడిగేయకండి. అందులో ఒక భాగం మొత్తం బడి గురించే, మరి రొయ్యల గుంతల కాడ అమ్మానాన్నలతోనే ఉండిపోయే పిల్లోడు దానికి ఏం చెప్తాడు?

ముందు కాలనీ పెద్దమనిషితో, తల్లులతో కూర్చుని ఒక్కటే అడగండి: "ఈ బిడ్డ బాగుంది అని దేన్ని చూసి అంటారు?" కడుపు నిండా తినడం, వాగులో చేపలు పట్టడం, మేనత్త ఇంట్లో నాలుగు రోజులుండి రావడం, ఊళ్లో ఎవరూ కసురుకోకపోవడం, ఇలాంటివి వస్తే అవే మీ ప్రశ్నలు. పొద్దున్నే వెళ్లకండి, అందరూ పనికి పోయుంటారు.

0 నుంచి 4 వరకు అంకె చెప్పమంటే చిన్నపిల్లలు బిత్తరపోతారు. నాలుగు చింతపిక్కలు చేతికిచ్చి, ఎంత బాగుంటే అన్ని పెట్టమనండి (ఆట అనుకుంటారు, మంచిదే).

తల్లినీ బిడ్డనీ విడివిడిగా అడగండి, జవాబులు కలవకపోతే సరిదిద్దకుండా రెండూ రాసుకోండి. తల్లి ఒప్పుకున్నా బిడ్డ తల అడ్డంగా ఊపితే అక్కడితో ఆపేయాలి. ముందు పదిమందితో సరిచూసి, ప్రశ్న ఎలా అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోండి. లెక్క తేలాక మళ్లీ కాలనీకి వెళ్లి చదివి వినిపించండి, తప్పులుంటే మొహమాటం లేకుండా వాళ్లే చెప్తారు.