వేసవి ముదరకముందే లేత మామిడి, బత్తాయి మొక్కలకు తీసుకోవలసిన జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండలకు లేత మొక్క చనిపోతే నీరు చాలలేదనే అనుకుంటాం. కానీ తడికి లోటు లేని తోటల్లో కూడా రెండేళ్ల అంట్లు నిలువునా ఎండిపోతుంటాయి. మొక్కలో దారులు రెండు. వేళ్లు పీల్చిన నీరు కాండం లోపలి దారువు గుండా పైకి పోతుంది. ఆకులు తయారుచేసిన చక్కెర బెరడు లోపలి పొరలో ఉండే పోషక కణజాలం గుండా వేళ్లకు, కాయలకు చేరుతుంది. ఎండ ఈ రెండు దారులనూ దెబ్బతీయగలదు కనుక, మార్చిలోనే రెండింటినీ కాపాడే ఏర్పాటు చేసుకోవాలి.

ఆకుల పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరవుతున్నకొద్దీ, ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉండే నీటి అణువులు దారువులో తెగని ధారగా పైకి సాగుతాయి. నేల బాగా ఎండితే ఆ ధారపై లాగుడు పెరిగి, నాళంలో గాలి బుడగ ఏర్పడి ధార తెగుతుంది. అలా తెగిన నాళం తర్వాత తడి పెట్టినా మునుపటిలా నీటిని మోయలేదు. అందుచేత ఆకు వాలేదాకా ఆగి ఒక్కసారే పాదు నింపడం కంటే, తక్కువ రోజుల ఎడంతో ఉదయమో సాయంత్రమో తడి ఇవ్వడం మేలు. నీటిని పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా కొమ్మల అంచు కింద ఉంటాయి కాబట్టి డ్రిప్పర్లను అక్కడికి జరపాలి. బత్తాయికి మొదలు చుట్టూ మట్టి ఎగదోసి రెండు వరుసల గట్లతో పాదు చేస్తే, నీరు మొదలుకు తగలక బంక తెగులు తగ్గుతుంది. పాదులో వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ పరచి, చెదలు పట్టకుండా చూసుకోవాలి. పొడి నేలలో ఎరువు వేయకూడదు. ఉప్పు గాఢత పెరిగితే వేరు నీటిని తీసుకోలేదు.

బెరడు విషయంలోనే మనం ఎక్కువగా ఏమరుపాటు పడతామని నా అభిప్రాయం. కాండం చుట్టూ ఉంగరంలా బెరడు తెగితే చక్కెర కిందికి దిగదు, అయినా దారువు నీటిని మోస్తూనే ఉంటుంది కాబట్టి ఆకులు చాలాకాలం పచ్చగానే కనిపిస్తాయి. ఈలోగా ఆహారం అందని వేళ్లు చనిపోతాయి. 17వ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ ఇలా బెరడు తీసి, గాయానికి పైభాగం ఉబ్బడం గమనించాడు. మీ అంట్లలో కూడా ఆ ఉబ్బు కోసం వెతకండి: అంటు అతికాక విప్పని పాలిథిన్ పట్టీ, ఊతకర్రకు బిగించిన తీగ, మేకలు గీకిన చోటు. పట్టీని ఇప్పుడే కోసి తీసివేసి, తీగకు బదులు గోనె పీలికతో వదులుగా కట్టాలి. పడమటి ఎండకు బెరడు పగలకుండా మొదలుకు సున్నం పూయాలి. గాయాలకు తెగులు సోకకుండా బోర్డో పేస్టు పూయాలంటే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో ఇనుము తగలని పాత్రలో కలుపుకోవాలి. మూడేళ్లలోపు మామిడికి పూత వస్తే తుంచివేయాలి, లేకపోతే వేళ్లకు పోవలసిన చక్కెరను కాయలే లాక్కుంటాయి.

మధ్యాహ్నం వాలిన ఆకులు తెల్లవారేసరికి నిలబడితే కంగారు అవసరం లేదు. తెల్లవారినా వాలే ఉంటే జానెడు లోతు తవ్వి చూడండి. మట్టి పొడిగా ఉంటే తడి ఇవ్వండి, చెమ్మగా ఉంటే నీరు ఆపి, గాలి అందక కుళ్లిన వేళ్లున్నాయేమో, మొదలు దగ్గర బెరడు తెగిందేమో పరిశీలించండి.