హారర్ కథలో మూస పాత్రలకు ప్రాణం పోయడం ఎలా

చెన్నైలో కోడంబాక్కం, సాలిగ్రామం, వడపళని ప్రాంతాల్లో అద్దె గదుల్లో ఉంటూ తెలుగులో లఘుచిత్రాలు తీయాలనుకునే యువతీయువకులు తొలి ప్రయత్నానికి తరచూ హారర్‌నే ఎంచుకుంటారు. ఒక పాత ఇల్లు, నలుగురు నటులు, ఒక రాత్రి ఉంటే సినిమా పూర్తవుతుందన్న లెక్కలో తప్పేమీ లేదు. అయితే ఆ నలుగురూ ఎవరన్నది తేలకుండా కెమెరా, లైట్ల గురించి ఆలోచించడం మొదలుపెడితే కథ నిలబడదు. ఈ వ్యాసం ఆ నలుగురి గురించీ, వారిని భయపెట్టే ఐదో వ్యక్తి గురించీ.

దెయ్యాలు లేవని వాదించే చదువుకున్నవాడు, ప్రతి చప్పుడుకూ హడలిపోయి నవ్వించే స్నేహితుడు, ఏదో తెలిసినా చెప్పని వాచ్‌మన్, ఎవరికీ కనిపించని వారితో మాట్లాడే పాప, నిమ్మకాయలూ విభూతీ పట్టుకొని వచ్చే మంత్రగాడు, జుట్టు విరబోసుకున్న తెల్లచీర స్త్రీ: వీరందరూ మూస పాత్రలేనని వెంటనే కొట్టివేయకూడదు. ప్రేక్షకుడు వీరిని చూసిన నిమిషంలోనే గుర్తుపడతాడు కాబట్టి పరిచయాలకు పట్టే సమయం మిగిలి, అది భయానికి పనికివస్తుంది. అందువల్ల మొదట ఒక కాగితం మీద ప్రతి పాత్ర పేరు పక్కన కథలో దాని పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయాలి. ప్రేక్షకుడి అనుమానాన్ని పైకి చెప్పడం ఒకరి పని. ముప్పు గురించి ముందుగా సూచించడం మరొకరి పని. బిగుసుకున్న గుండెను కాసేపు సడలించడం ఇంకొకరి పని. ఇద్దరు ఒకే పని చేస్తుంటే ఒకరిని తీసివేయాలి.

తరువాతి పని అన్నిటికంటే ముఖ్యమైనది. దెయ్యం రాకముందు ఈ మనిషి ఏ పని మీద ఉన్నాడు, వచ్చిన తరువాత కూడా ఇల్లు వదిలి ఎందుకు వెళ్లడు అన్న రెండు ప్రశ్నలకు ప్రతి పాత్ర తరఫునా జవాబు రాయాలి. మొండితనం, కుతూహలం అనే జవాబులు చాలవు. పది నెలల అద్దెను అడ్వాన్సుగా పుచ్చుకోవడం చెన్నైలో చాలాకాలం సాగిన వాడుక. ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఊళ్లో అప్పు చేసి ఆ అడ్వాన్సు కట్టిన కుటుంబం గోడలోంచి ఏడుపు వినిపించినంత మాత్రాన మరునాడే ఖాళీ చేసే స్థితిలో ఉండదు. అదే కుటుంబానికి ఇంకా తమిళం రాదనుకుందాం. అప్పుడు వాచ్‌మన్ రహస్యం దాచే మనిషిగా ఉండనక్కరలేదు. అతడు మొదటి రోజే గేటు దగ్గర నిలబెట్టి అంతా వివరంగా చెబుతాడు. వారు తల ఊపి, చిరునవ్వు నవ్వి లోపలికి వెళ్లిపోతారు. పాత్ర చేసే పని మారలేదు, కారణం మాత్రమే మారింది. ఆ కారణం ఈ నగరంలో తెలుగువారు బతికిన బతుకులోంచి వచ్చింది.

హేతువాది పాత్రను మన కథలు చాలా అన్యాయంగా వాడుకున్నాయని నా అభిప్రాయం. అతడు తప్పని రుజువు చేయడానికే అతడిని పుట్టిస్తాము, చివర్లో తాయెత్తు కట్టించుకునేలా చేస్తాము. దానికి బదులు అతడిని నిజంగా తెలివైనవాడిగా రాసి చూడండి. మొదటి చప్పుడు నీళ్ల మోటారుదని, రెండోది పై అంతస్తు వాళ్ల కుర్చీ లాగిన శబ్దమని అతడు కనిపెట్టాలి, ఆ రెండుసార్లూ అతడిదే ఒప్పు కావాలి. అలా ప్రేక్షకుడు అతడి మీద ఆధారపడటం నేర్చుకున్నాక, మూడో చప్పుడుకు అతడు జవాబు చెప్పలేక ఊరుకుంటే, ఆ మౌనం పెద్ద శబ్దంతో ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసే జంప్ స్కేర్ కంటే ఎక్కువగా భయపెడుతుంది.

పిరికి స్నేహితుడి విషయంలో రాఘవ లారెన్స్ 2007లో ‘ముని’తో చేసిన మార్పు గమనించదగినది. హాస్యనటుడికి వదిలివేసే పిరికితనాన్ని ఆయన కథానాయకుడికే ఇచ్చారు. చీకటి పడితే బయటికి రాలేని మనిషి శరీరంలోకే ఆత్మ ప్రవేశించడంతో, ఒకే నటుడిలో భయపడే మనిషీ భయపెట్టే ఆత్మా అనే రెండు కొసలూ కనిపించే అవకాశం దొరికింది. నలుగురు నటులే ఉన్న చిన్న చిత్రానికి ఇటువంటి కలయిక చాలా ఉపయోగం.

చివరి వరకూ బతికి హంతకుడిని ఎదిరించే యువతిని పాశ్చాత్య విమర్శలో ‘ఫైనల్ గర్ల్’ అంటారు. అమెరికన్ విమర్శకురాలు కరోల్ క్లోవర్ 1987లో రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది. 1978లో వచ్చిన ‘హాలోవీన్’ నాయిక లారీ దానికి పేరుపొందిన ఉదాహరణ. ఆమె నడవడిక మంచిది కాబట్టే బతికిందని పైపైన అర్థం చేసుకొని అనుకరించేవారు ఉన్నారు. రచయితకు పనికివచ్చేది అది కాదు. ఆమె చూస్తుంది, కిటికీ అవతల నిలబడిన మనిషిని స్నేహితుల కంటే ముందే గమనిస్తుంది. మీ నాయికకు కూడా మొదటి పది నిమిషాల్లోనే చూసే అలవాటు ఇవ్వండి. ఇంటి వెనుక తలుపు గడియ వదులుగా ఉందని వంట చేస్తూ ఆమె గమనిస్తే, చివరి ఘట్టంలో ఆ గడియ ఆమెను కాపాడినప్పుడు ఎవరికీ అది కాకతాళీయంగా తోచదు.

మంత్రగాడికి అరుపులు తగ్గించి, రుసుము మాట్లాడుకోవడం, ఆఖరి బస్సు అందుకోవాలన్న తొందర వంటి మామూలు చింతలు ఇస్తే సరిపోతుంది. పాపకు వింత చూపులు నేర్పనవసరం లేదు. విసుగ్గా, సహజంగా మాట్లాడే పిల్ల చెప్పిన మాటే వెన్నులో చలి పుట్టిస్తుంది.

ఇక దెయ్యం. ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి. 1993లో వచ్చిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’లో వెంటాడే స్త్రీ తంజావూరు నుంచి తెచ్చిన తమిళ నర్తకి. అదే కథ 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా వచ్చినప్పుడు ఆ నర్తకి తెలుగు మనిషి అయింది. ప్రతి భాషా తన భయానికి పక్క భాష స్త్రీని ఎంచుకుంది. నా అనే వారు ఎవరూ లేని చోటికి ఆమెను తీసుకువచ్చి బంధించారు కాబట్టి ఆ ఎంపికకు కథలో బలమైన కారణం ఉంది. అది ఆ కథ గొప్పతనం కూడా. కానీ చెన్నైలో ఉంటున్న తెలుగువారిగా మనం సినిమాహాలు కుర్చీలో కూర్చొని మన భాషే దెయ్యం నోట విన్నాము కాబట్టి, మన కథల్లో ఆ స్థానంలో ఎవరిని నిలబెడుతున్నామో మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. వితంతువు, గిరిజన స్త్రీ, హిజ్రా, ఉత్తరాది నుంచి వచ్చిన కూలీ: వీరిలో ఒకరిని కేవలం చూడగానే భయం పుడుతుందన్న లెక్కతో ఎంచుకుంటే, ఆ భయం మనం ముందే మోస్తున్న చిన్నచూపు తప్ప మరొకటి కాదు.

దీనికి ఒక పరీక్ష ఉంది. దెయ్యం బతికి ఉన్న కాలంలో, ఏ అన్యాయమూ జరగని ఒక మామూలు రోజును ఒక పేజీలో రాయాలి. ఆమె ఏం వండుకుంది, ఎవరికి బాకీ ఉంది, ఎవరి రాక కోసం చూసింది? ఆ పేజీ రాయలేకపోతే మీ దగ్గర పాత్ర లేదు, మేకప్ మాత్రమే ఉంది. 2011లో వచ్చిన ‘కాంచన’లో ట్రాన్స్‌జెండర్ పాత్రకు పోగొట్టుకోవడానికి ఒక స్థలమూ, పెంచి చదివించిన ఒక కూతురూ ఉన్నందువల్లనే ఆమె కోపం ఎవరి మీదో, ఎందుకో ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

‘మణిచిత్రతాళు’ మనోవైద్యుడిని కథ మధ్యలో నిలిపిన తరువాత, మానసిక అనారోగ్యాన్ని ఆఖరి మలుపుగా దాచిపెట్టడం పరిపాటి అయింది. దాన్ని మానేయమని గట్టిగా చెబుతాను. కీల్పాక్ మానసిక ఆసుపత్రి పేరును ఎగతాళికి వాడే అలవాటు ఈ నగరంలో పాతది. వైద్యం చేయించుకుంటున్న వారిని హంతకులుగా చూపే కథ ఆ అలవాటుకే బలం చేకూరుస్తుంది.

షూటింగుకు ముందు నటులందరినీ కూర్చోబెట్టి ప్రతిని పైకి చదివించాలి. ఆ తరువాత ఎవరు ఏ వరుసలో చనిపోతారో వేరే కాగితం మీద రాసి చూడాలి. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో నల్లజాతి నటుడు డ్వేన్ జోన్స్ పోషించిన నాయకుడు రాత్రంతా శవాల నుంచి తప్పించుకొని, తెల్లవారాక మనుషుల తుపాకీకి బలవుతాడు, ఆ వరుసే ఆ సినిమాకు అర్థం ఇచ్చింది. మీ కాగితంలో ఏమాత్రం ఆలోచించకుండా మొదట చంపేసిన పాత్ర ఎవరో గుర్తించి, ఆ మనిషిని చివరి దాకా బతికించి మరో ప్రతి రాసి, రెండింటినీ అదే నటుల చేత మళ్లీ చదివించాలి.