గేములో డబ్బు పెట్టే ముందు లెక్క ఇలా రాయండి

కావలిలో మాది చిన్న మొబైల్ షాపు. రీచార్జిలు, స్క్రీన్ గార్డులు, చిన్నచిన్న రిపేర్లు. సాయంత్రం కాలేజీ వదిలాక కుర్రాళ్లు గేములో కొనుక్కోవడానికి ప్లే స్టోర్ రీచార్జి కోడ్ కోసం వస్తారు. "అన్నా, సీజన్ ఇంకా రెండు రోజులే ఉంది" అంటూ టెన్షన్ పడతారు. సీజన్ అంటే గేములో కొన్ని రివార్డులు గెలుచుకోవడానికి ఇచ్చే గడువు. షట్టర్ దించాక నేనూ ఫ్రెండ్సుతో ఒక గంట ఆడతాను కాబట్టి ఆ తొందర ఎలాంటిదో నాకు తెలుసు. ఈ గేముల వల్ల లాభం మనకా, కంపెనీకా అని చాలామంది అడుగుతుంటారు. కంపెనీ తన లెక్క రోజూ రాసుకుంటుంది. మనం రాసుకోం. తేడా అక్కడే వస్తోంది.

ముందు బేరం ఏమిటో తెలుసుకోండి. లైవ్ సర్వీస్ గేమ్, అంటే ఆన్‌లైన్‌లో ఆడుతూ ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వచ్చే గేమ్, కంపెనీ తన సర్వర్లను (గేమును నడిపే కంప్యూటర్లను) నడిపినన్నాళ్లే ఉంటుంది. మా నాన్న కావలి కాలువ కింద మూడెకరాలు కౌలుకు చేశారు. ఎరువు మేమే తోలాం, గట్లు మేమే వేశాం, అయినా పాసుబుక్కు పొలం ఆసామి పేరునే ఉండేది. మీ గేమ్ ఐడీ కూడా అలాంటిదే. ఉబిసాఫ్ట్ 2014లో అమ్మిన ‘ది క్రూ’ అనే కార్ల గేముకి 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. డబ్బులిచ్చి కొన్నవాళ్లకు ఒంటరిగా ఆడుకునే దారి కూడా లేకపోయింది. సోనీ వాళ్ల ‘కాంకర్డ్’ 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబరు 6కే ఆగిపోయింది. వాళ్లు డబ్బు వాపసు ఇచ్చారు, అది వేరే సంగతి. ఒక్కోసారి కంపెనీ చేతిలోనూ ఉండదు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను మన ప్రభుత్వం నిషేధించిన వారం, షాపు ముందు నిలబడ్డ కుర్రాళ్ల మొహాలు నాకింకా గుర్తున్నాయి.

కౌలు అయినంత మాత్రాన పంట పండదని కాదు. ‘ఫోర్ట్‌నైట్’ 2017 నుంచి ఉచితంగానే ఆడుకోవచ్చు. ‘నో మ్యాన్స్ స్కై’ 2016లో కొన్నవాళ్లకు ఆ తర్వాత వచ్చిన పెద్ద పెద్ద అప్‌డేట్లన్నీ ఉచితంగానే అందాయి. ఎంత పెడుతున్నామో తెలిసి పెట్టాలి, అంతే.

అందుకే మొదటి పని, కాయిన్లను రూపాయల్లోకి మార్చి రాయడం. మా అక్క కొడుకు ఒంగోలులో ఇంటర్ చదువుతున్నాడు. ఒక గేములో తుపాకీ రంగు 400 కాయిన్లు. అమ్మే ప్యాకులేమో 325 లేదా 660. వాడు 899 రూపాయలు పెట్టి 660 ప్యాకు కొన్నాడు, 260 మిగిలాయి. వారం తిరక్కుండా 300 కాయిన్లకు ఒక బ్యాగు కనిపించింది. "మామా, నలభయ్యే కదా తక్కువ, లేకపోతే ఉన్నవి వేస్టయిపోతాయి" అన్నాడు. పక్కన కూర్చోబెట్టి, బిల్లుబుక్కు వెనక లెక్క వేయించాను. కాయిన్ ఒక్కింటికి రూపాయి 36 పైసలు పడింది. రంగు విలువ 545 రూపాయలు, మిగిలిన కాయిన్లలో ఇరుక్కున్నది 354. వాడు చాలాసేపు ఆ 354 వైపే చూశాడు. మీరైతే ఆ మిగులును ఆస్తిగా రాసుకోకండి. రంగు ఖరీదు 899 అనే రాయండి. అప్పుడు కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.

సీజన్ పాస్, అంటే ఆ సీజన్‌లో లెవెల్స్ ఎక్కేకొద్దీ అదనపు రివార్డులు ఇచ్చే టికెట్, మొదటి రోజున కొనొద్దు. చాలా గేముల్లో ఉచితంగా ఆడుతూ లెవెల్స్ ఎక్కి, చివరి వారంలో పాస్ కొన్నా అప్పటిదాకా దాటిన లెవెల్స్ రివార్డులన్నీ వస్తాయి. మీ గేములో అలా ఉందో లేదో ముందు చూసుకోండి. మొదటే కొంటే, పెట్టిన డబ్బు పోతుందేమోనని ఇష్టం లేని రోజు కూడా ఆడతారు. పరీక్షల రోజుల్లో ఇలా ఆడి నష్టపోయిన పిల్లల్ని నా షాపులోనే చూశాను.

ఇంట్లో పిల్లల చేతిలో మీ ఫోనుంటే ప్లే స్టోర్ సెట్టింగ్సులోకి వెళ్లి, ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ గానీ వేలిముద్ర గానీ అడిగేలా పెట్టండి. రెండు నిమిషాల పని. ప్లే స్టోర్‌లోనే నెలకింత అని బడ్జెట్ కూడా పెట్టుకోవచ్చు, కానీ అది గుర్తుచేస్తుందే తప్ప ఆపదు. ఫోర్ట్‌నైట్‌లో పొరపాటున బటన్ తగిలినా డబ్బు పోయేలా ఉందని వినియోగదారుల హక్కులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ పట్టుకుంటే, ఆ గేమ్ కంపెనీ, ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు తిరిగి కట్టడానికి 2022 డిసెంబరులో ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీయే అలా చేసిందంటే మన తాళం మనం వేసుకోవాల్సిందే.

గెస్ట్ ఐడీతో, అంటే మెయిల్ ఏదీ ఇవ్వకుండా ఆడుతుంటే ఈ రోజే మీ మెయిల్‌కి లింక్ చేయండి. ఫోన్ రీసెట్ చేయించుకున్నాక "అన్నా, నా ఐడీ పోయింది" అని ఏడ్చినంత పనిచేసిన అబ్బాయికి నేనేమీ చేయలేకపోయాను.

నోటుబుక్కులో ఇంకో గడి గీయండి: ఈ రోజు ఎందుకు ఆడాను? ఫ్రెండ్సుతో కబుర్లకా, ఆట బాగుందనా, లాగిన్ రివార్డు పోతుందనా? వరుసగా ఏడు రోజులు మూడోదే రాశారంటే వారం పాటు గేమ్ తీసేయండి. ఐడీ మెయిల్‌లో ఉంది కాబట్టి ఎక్కడికీ పోదు. మా అక్క కొడుకు పోయిన నెల తీసేశాడు. తొమ్మిదో రోజున ఫ్రెండ్సు పిలిస్తే మళ్లీ వేసుకున్నాడు. పాస్ మాత్రం ఇంకా కొనలేదు, చివరి వారం దాకా ఆగుతానన్నాడు.