ఆర్‌సీ పడవ నీళ్లలో దించే ముందు బ్యాటరీ కనెక్టర్ చూసుకోండి

వానలు తగ్గి చెరువులు నిండాయంటే అటక మీద పెట్టిన ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) పడవలన్నీ కిందికి దిగుతాయి. మోటారు తిరుగుతోందా, ప్రొపెల్లర్ బాగుందా, బ్యాటరీ ఛార్జ్ ఎక్కిందా అని అందరం చూస్తాం, బ్యాటరీకీ ఈఎస్‌సీకీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) మధ్య ఉండే కనెక్టర్‌ని మాత్రం పట్టించుకోం. నడి చెరువులో పడవ ఆగిపోవడానికీ, లోపల వైర్లు కాలిపోవడానికీ చాలాసార్లు కారణం అదే.

ఆర్‌సీ కారులో బాగా పనిచేసిన కనెక్టర్ పడవలోనూ చేస్తుందిలే అనుకోవద్దు. కారు ఒకసారి వేగం అందుకున్నాక థ్రాటిల్ (రిమోట్ మీద వేగం పెంచే మీట) వదిలినా కాసేపు దొర్లుతుంది, ఆ కాసేపట్లో కనెక్టర్ చల్లారుతుంది. పడవని నీళ్లు వెనక్కి పట్టి లాగుతూనే ఉంటాయి కాబట్టి వదిలిన వెంటనే ఆగిపోతుంది, అందుకే రన్ మొత్తం దాదాపు ఫుల్ థ్రాటిల్‌లోనే నడుపుతాం, కరెంట్ తగ్గే సందే ఉండదు. పైగా నీళ్లు రాకుండా మూతకి టేపు వేసేస్తాం, లోపల గాలి ఆడదు. నీళ్ల కూలింగ్ ట్యూబు మోటారుకీ ఈఎస్‌సీకీ వెళ్తుంది కానీ కనెక్టర్ దాకా రాదు.

కనెక్టర్ దగ్గర ఒక్క మిల్లీ ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకుందాం. 40 ఆంప్స్ దగ్గర అక్కడ పుట్టే వేడి 1.6 వాట్లు, 80 ఆంప్స్ దగ్గర 6.4 వాట్లు. కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. గుర్రపుడెక్క వేరో నాచో ప్రొపెల్లర్‌కి చుట్టుకుందంటే కరెంట్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, మనం ఒడ్డున నిలబడి పడవ ఎందుకు మెల్లగా పోతోందని ఇంకా థ్రాటిల్ నొక్కుతాం. అలాంటప్పుడు నొక్కకండి, థ్రాటిల్ తగ్గించి మెల్లగా ఒడ్డుకి తెచ్చుకోండి.

ఇక ఏది కొనాలి అంటే, పేరులో ఉన్న అంకెని నమ్మొద్దు. ఎక్స్‌టీ, ఈసీ అనేవి కనెక్టర్ రకాలు. ఎక్స్‌టీ 60 అంటే 60 ఆంప్స్ ఎంతసేపైనా మోస్తుందని కాదు, తయారీదారు ఇచ్చే వివరాల్లోనే నిరంతరం మోసే కరెంట్ 30 ఆంప్స్ అనీ, 60 అనేది కాసేపటికే అనీ ఉంటుంది. బ్యాటరీలో రెండు సెల్స్, మూడు సెల్స్‌తో నడిచే చిన్న పడవకి ఎక్స్‌టీ 60 గానీ ఈసీ 3 గానీ చాలు. నాలుగు సెల్స్ దాటి గట్టిగా పరుగెత్తించే పడవకి ఎక్స్‌టీ 90 లేదా ఈసీ 5 పెట్టండి, పెద్ద రేసింగ్ పడవలకి 5.5 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల బుల్లెట్ల (ఒక్కో వైరుకి విడిగా ఉండే గుండ్రటి కనెక్టర్లు) దాకా వెళ్లాలి. అనుమానం వస్తే ఒక సైజు పెద్దదే తీసుకోండి. బొమ్మ పడవలతో వచ్చే తెల్లటి తామియా ప్లగ్గుని లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి వాడకండి, అది ఇంత కరెంట్ కోసం చేసినది కాదు. ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే అడాప్టర్ కూడా వద్దు, వేడెక్కే జాయింట్లు అక్కడ ఇంకా పెరుగుతాయి.

బుల్లెట్ కనెక్టర్లు కరెంట్ బాగా మోస్తాయి గానీ వాటితో ఒక చిక్కుంది. ప్లస్, మైనస్ రెండూ ఒకే రకం పెడితే తారుమారుగా తగిలించే వీలుంటుంది, ఒక్కసారి అలా తగిలించినా ఈఎస్‌సీ పోయినట్టే. అది తప్పించడానికి బ్యాటరీ ప్లస్‌కి ఆడది (గుంట ఉన్నది), మైనస్‌కి మగది (అందులో దూరేది) పెడతారు, అప్పుడేమో బ్యాటరీ వైర్లు రెండూ వాటిలో అవే దూరి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. పెట్టెలో వేసేటప్పుడు రెండిటికీ విడివిడిగా తొడుగులు ఉండి తీరాలి. ఇంట్లో పిల్లలుంటే బుల్లెట్ల జోలికే పోవద్దని నా మాట.

సోల్డరింగ్ విషయంలో తొందర పనికిరాదు. బ్యాటరీ వైర్లు రెండూ ఒకేసారి కత్తిరించొద్దు, కట్టర్ తగిలిందంటే అక్కడే షార్ట్. ఒకటి కత్తిరించి, అతికించి, హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడిగాకే రెండోదాని మీద చెయ్యి వేయండి. 25 వాట్ల ఐరన్‌తో లావు వైరు వేడెక్కదు, వేడెక్కే లోపు ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను పక్కకి ఒరిగిపోతుంది. 60 వాట్లకి తగ్గని ఐరన్, లావు మొన తీసుకుని, ఎదుటి సగాన్ని (అది ఏ వైరుకీ తగిలించనిదై ఉండాలి) దూర్చి ఉంచి అతికిస్తే పిన్ను కదలదు. లోహం బయటికి కనిపించని సగమే బ్యాటరీ వైపు రావాలి.

పెద్ద బ్యాటరీ తగిలించేటప్పుడు టప్పుమని మెరుస్తుంది చూడండి, అది ఈఎస్‌సీలోని కెపాసిటర్లు ఒక్కసారిగా నిండడం వల్ల. ప్రతి మెరుపుకీ పిన్ను మీద చిన్న గుంట పడి రెసిస్టెన్స్ పెరుగుతూ పోతుంది. ఆరు సెల్స్ పడవైతే స్పార్క్ రాకుండా చేసే ఎక్స్‌టీ 90 ఎస్ పెట్టుకోండి. మొదట తాకించి ఒక క్షణం ఆగి, తర్వాత పూర్తిగా లోపలికి నెట్టండి. సగంలో వదిలేస్తే మోటారు కరెంట్ మొత్తం లోపలి చిన్న రెసిస్టర్ మీద పడి అది కాలిపోతుంది.

పాత కనెక్టర్‌ని వెలుతురులో పట్టుకుని చూడండి. పసుపు ప్లాస్టిక్ పిన్ను చుట్టూ గోధుమ రంగుకి తిరిగినా, పిన్ను కొంచెం వంగినా, ఆకుపచ్చ మచ్చ ఉన్నా, దూర్చేటప్పుడు బిగుతు లేకపోయినా పారేయండి, దాని ధర బ్యాటరీ ముందు లెక్కలోకి రాదు. సముద్రపు నీళ్లలోనో ఉప్పుటేరులోనో నడిపితే ఇంటికి రాగానే బ్యాటరీ తీసి, కనెక్టర్‌ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

చెరువు దగ్గర బ్యాటరీని అన్నిటికంటే చివర తగిలించి అన్నిటికంటే ముందు తీయండి, ప్రొపెల్లర్ దగ్గర చేతులు ఉండకూడదు. మొదటి రన్ రెండు నిమిషాలకి మించొద్దు. వెనక్కి తెచ్చి కనెక్టర్‌ని ముట్టుకుని చూడండి, పట్టుకోలేనంత వేడి ఉంటే ఆ రోజుకి ఆపేసి పెద్ద సైజు వేయండి, లేదా చిన్న ప్రొపెల్లర్ పెట్టండి.

అన్నీ చూసుకున్నా పడవ మధ్యలో ఆగిపోవచ్చు. దాని కోసం నీళ్లలోకి దిగకండి, ఎంత ఈత వచ్చినా సరే. నిండిన చెరువులో అడుగున బురద ఎంత ఉందో, గుంటలెక్కడున్నాయో పైకి కనిపించదు, గుర్రపుడెక్కలో కాలు చిక్కుకుంటే బయటికి రావడం చాలా కష్టం. గాలి ఒడ్డు వైపు ఉంటే అదే తోసుకొస్తుంది, ఆగండి. లేదంటే చేపల గాలం దారానికి టెన్నిస్ బంతి కట్టి పడవకి అవతల పడేలా విసిరి లాక్కోవచ్చు. ఆ గాలం, బంతి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి.